తలసరి రొట్టె

గొడుగులపాలెంలో చేతిలో రొట్టె పట్టుకుని వీధిలో నడవడం అంత తేలికైన పని కాదు. నాలుగడుగులు వెయ్యకముందే ఎవరో ఒకరు అరుగు మీది నుంచి తల ఎత్తి, "ఎవరికి?" అంటారు. రొట్టె ఎవరికని కాదు, జ్వరం ఎవరికని. ఆ ఊళ్ళో అన్నం తినేవాడు మనిషి, రొట్టె తినేవాడు రోగి. పాలూ రొట్టే పెట్టారంటే లంఖణాలు ముగిసి పథ్యంలో పడ్డాడని అర్థం. ఒకసారి కొత్తల్లుడికి అత్తగారు ముచ్చటపడి, రొట్టె ముక్కలు నేతిలో వేయించి, పైన పంచదార చల్లి పెట్టింది. ఆ అబ్బాయి పళ్ళెం పక్కకు నెట్టి, "నాకు జబ్బుందని మీకెవరు చెప్పారు?" అని చెప్పులేసుకుని బస్టాండుకు వెళ్ళిపోయాడు. ఇద్దరు పెద్దమనుషులు వెంటపడి బతిమాలి వెనక్కి తీసుకురావలసి వచ్చింది.

ఇలాంటి ఊళ్ళో రొట్టెలు కాల్చి బతకాలంటే తెగువన్నా ఉండాలి, బుర్రన్నా ఉండాలి. సైదావలి తండ్రికి బుర్ర ఉంది. అందుకే ఆయన బేకరీని బస్టాండు దగ్గర కాకుండా సర్కారు ఆసుపత్రికి సరిగ్గా ఎదురుగా పెట్టాడు. తండ్రి పోయాక భట్టీ సైదావలి చేతికొచ్చింది. యాభై దాటిన మనిషి. మామూలు రోజుల్లో నలభై రొట్టెలు కాల్చి, మిగిలిన వేడిమీద కారా బిస్కెట్లూ కొబ్బరి బన్నులూ కాల్చుకునేవాడు. ఆరోగ్యవంతులు టీలో ముంచుకు తినేది ఆ బిస్కెట్లే. రొట్టె కోసం వచ్చినవాణ్ణి మాత్రం సైదావలి ఊరికే పంపడు. జ్వరం ఎన్నాళ్ళ నుంచి, చలి ఉందా, నాలుక ఎలా ఉంది అని అడిగి, పాలు కాగాక నానబెట్టాలో చల్లారాక నానబెట్టాలో చెప్పి మరీ పంపేవాడు.

ఆ ఏడు ఆషాఢంలో వానలు దంచికొట్టాయి. మార్కెట్టు వెనక మురుక్కాలవలో నుంచి పోయే మంచినీళ్ళ పైపు పగిలింది. మంచినీళ్ళ పైపు మురుక్కాలవలో నుంచి ఎందుకు పోతుందని అడక్కండి. వేసినవాళ్ళకు అదే దగ్గరదారి.

పది రోజుల్లో మార్కెట్టు వీధి మంచం పట్టింది. ఆ తర్వాత సాలెవీధి, ఆ తర్వాత కాలవగట్టు. నలభై రొట్టెలు నూరయ్యాయి, నూరు రెండు వందలయ్యాయి, శ్రావణం వచ్చేసరికి నాలుగు వందల ఇరవై. మొదటి వారం సైదావలికి సంతోషం కలిగింది. దాచడం దేనికి, వ్యాపారి కదా. రెండో వారం మస్తాన్‌బీ, అంటే ఆయన భార్య, పిండి పిసుకుతూ పిసుకుతూ గోడకు చేరబడి కూలబడింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. అప్పటి నుంచి రొట్టెలు లెక్కపెడుతుంటే ఆయనకు మంచాలు లెక్కపెడుతున్నట్టుండేది.

ఆసుపత్రి నర్సు సలోమి ఒక మధ్యాహ్నం రోగుల కోసం ముప్ఫై రొట్టెలు తీసుకెళ్ళడానికి వచ్చి, బల్లమీద కూర్చుండిపోయింది.

"ఇది టైపాయిడ్ బాబాయ్. పైపులోకి కాలవ నీళ్ళు పోతన్నయ్. మాత్రలు నేనెన్ని ఇచ్చినా మళ్ళీ ఆ నీళ్ళే గదా తాగేది."

"కాచి తాగమని చెప్పలేకపోయావా?"

"చెప్పా. ఇంట్లో కాచుకుంటన్నారు. బజార్లో దాహమైతే కుళాయే, బళ్ళో దాహమైతే కుళాయే. పైపు తీసి కాలవ పైనుంచి వేస్తే నెలలో మొత్తం ఆగిపోద్ది."

పైపు సర్కారువారిది. దానిమీద చెయ్యేస్తే కేసు. అందుకని సైదావలి అర్జీ రాయించి, రొట్టెకొచ్చిన ప్రతివాడిచేతా సంతకం పెట్టించాడు. మూడు వందల పైచిలుకు సంతకాలు, అన్నీ వణుకుతూ పెట్టినవే. అర్జీ జిల్లా ఆఫీసుకు వెళ్ళింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజధానిలో ఒక కమిషనరుగారు పద్దెనిమిది రోజులు విదేశాల్లో అధ్యయనం చేసి తిరిగొచ్చారు. ఏ దేశం వెళ్ళినా పొద్దున్నే బల్లమీద రొట్టె పెట్టారట. ఆ దేశాలన్నీ అభివృద్ధి చెందినవే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే విమానం దిగేలోపే ఆయనకు విషయం బోధపడింది. దిగగానే 'రొట్టె: దాని సాంస్కృతిక, ఆర్థిక విలువ' అని రెండు వందల పేజీల నివేదిక రాయించారు. ఆదాయం అడిగితే జనం అబద్ధం చెబుతారనీ, రొట్టె అబద్ధం చెప్పదనీ, ఇకమీదట ఏ గ్రామం ఎంత ఎదిగిందో తలకు ఎంత రొట్టె తింటున్నారన్నదాన్ని బట్టే నిర్ధారించాలనీ అందులో తేల్చారు. దానికి తలసరి రొట్టె సూచిక అని పేరు పెట్టారు. పేరు పెట్టాక శాఖ కావాలి కాబట్టి శాఖ పుట్టింది. శాఖ పుట్టాక జిల్లాకొక సంయుక్త సంచాలకులు పుట్టారు.

ఈ జిల్లాకు పుట్టినవారి పేరు పరాంకుశం. ఆయన శ్రావణమాసంలో ఒక గుమాస్తానూ ఒక తూకం యంత్రాన్నీ వెంటబెట్టుకుని సైదావలి కొట్టు ముందు జీపు దిగారు.

"తమరేనా ఈ గ్రామ రొట్టె ఉత్పత్తిదారు?"

"రొట్టెలు కాలుస్తానండి."

"ప్రస్తుత దినసరి ఉత్పత్తి?"

"నాలుగు వందల ఇరవై అండి. అయినా చాలట్లా."

పరాంకుశంగారు గుమాస్తా వంక చూశారు. నిన్నటిదాకా తొమ్మిది ఊళ్ళు తిరిగి ఏడు రొట్టెలు కూడా చూడని గుమాస్తా, పెన్ను కింద పడేసుకున్నాడు.

"రెండు మాసాల పూర్వం?"

"నలభై."

"పదిరెట్ల పురోగతి. దీనికి ప్రేరణ ఏమని భావిస్తున్నారు?"

"జొరాలండి. ఊరంతా జొరాలే. మంచినీళ్ళ పైపు పగిలి..."

గుమాస్తా ఫారం తిప్పి చూశాడు. "సార్, ప్రేరణ కింద మూడే గడులున్నయ్. ఆదాయవృద్ధి, నగర సంస్కృతి ప్రభావం, అభిరుచి. జ్వరం ఎందులో వెయ్యమంటారు?"

పరాంకుశంగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "దేహంలో ఉష్ణోగ్రత పెరిగిన సందర్భంలో పౌరుడు అన్నాన్ని కాదని రొట్టెను వరిస్తున్నాడు. వరించడమంటే ఏమిటి? అభిరుచి. అందులో వెయ్యి."

అంతలో సాలెవీధి నాగరత్తమ్మ దుప్పటి కప్పుకుని, కొట్టు బల్ల పట్టుకుని నిలబడి రెండు రొట్టెలడిగింది. పరాంకుశంగారు వినియోగదారుని స్వయంగా కలుసుకునే అవకాశం వదులుకోలేదు.

"అమ్మా, రొట్టె విషయంలో మీ అనుభూతి ఏమిటి?"

"నోరంతా చేదు నాయనా. అన్నం చూస్తేనే డోకొస్తంది. ఇదన్నా పాలల్లో వేసుకుంటే రెండు ముక్కలు గొంతు దిగుద్దని."

'అన్నంపట్ల విముఖత, రొట్టెపట్ల సుముఖత, పాలతో సమన్వయం' అని గుమాస్తా రాసుకున్నాడు. పరాంకుశంగారు ఆవిడకు నమస్కారం పెట్టారు. ఆవిడ నిలబడలేక మెట్టుమీద కూర్చుంటే, రొట్టె పట్ల గ్రామీణ మహిళలో ఎంత తన్మయత్వం ఉందో ఫోటో తియ్యమన్నారు.

"అయ్యా, ఆ పైపు సంగతి," అన్నాడు సైదావలి.

"అది కారణం. కారణాలు మా పరిధిలోకి రావు. మేము ఫలితాలను మాత్రమే పరిశీలిస్తాం," అని ఆయన జీపెక్కారు.

మూడు వారాల తర్వాత అర్జీకి జవాబొచ్చింది. సలోమి కొట్టు ముందు నిలబడి చదివి వినిపించింది. సదరు గ్రామము తలసరి రొట్టె వినియోగములో జిల్లాయందు ప్రథమ స్థానము పొంది సంపన్న గ్రామ శ్రేణిలో చేరియున్నందున, పైపు మరమ్మతు నిధులకు అనర్హమైనదని తెలియజేయడమైనది. సంపన్న గ్రామమునకు ఉచిత మందులు అనవసరమని భావించి, వైద్యాధికారినీ మందులనూ వెనుకబడిన మిట్టపాడునకు బదలాయించడమైనది. అభినందనలు.

మిట్టపాడుకు చెరువు నీళ్ళు, పైపు లేదు. కాబట్టి జ్వరాలు లేవు. కాబట్టి రొట్టె ముక్క లేదు. కాబట్టి అది జిల్లా మొత్తంలో అట్టడుగు గ్రామం. డాక్టరుగారు అక్కడికి వెళ్ళి, మందుల పెట్టెలు వరుసగా పేర్చుకుని, రావిపాటి వీరాస్వామి అనే తొంభై ఏళ్ళ పెద్దాయనతో పులిమేక ఆడుకుంటూ కాలం గడిపారు. వీరాస్వామికి ఆరోగ్యం బాగానే ఉంది. గొడుగులపాలెం నుంచి ఎడ్లబండి మీద వెళ్ళిన రోగులను మాత్రం, సంపన్న గ్రామస్థులకు ఇక్కడ వైద్యం చేస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుందని డాక్టరుగారు చేతులు కట్టుకుని, బాధపడుతూనే, తిప్పి పంపారు. సలోమి దగ్గర మిగిలినవి ఒక డబ్బాడు మాత్రలు. వాటిని సగానికి విరిచి పంచేది.

సైదావలి జిల్లా ఆఫీసుకు వెళ్ళాడు. రెండు రోజులు వరండాలో కూర్చోబెట్టి మూడో రోజు లోపలికి పిలిచారు. పరాంకుశంగారు మర్యాదస్తుడు, కుర్చీ చూపించారు.

"మీ ఆవేదన న్యాయమైనదే. కానీ సంపన్నులకు నిధులిస్తే పేదలకు అన్యాయం చేసినట్టు కాదా?"

"మేం సంపన్నులం కాదండి. నా పెళ్ళాం నెలరోజులై మంచంలో ఉంది. మాత్ర దొరకట్లా."

"అది మీ వ్యక్తిగత అభిప్రాయం. సూచిక అలా అనడం లేదు."

సైదావలి కుర్చీలో ముందుకు జరిగాడు. "పోనీ, మా తలసరి రొట్టె పడిపోతే అయ్యా?"

"పడిపోతే ఫైలు దానంతటదే కదులుతుంది. అడ్డుపడే అధికారం నాకే కాదు, కమిషనరుగారికి కూడా లేదు. అంతా స్వయంచాలకం."

సైదావలి తిరుగు బస్సెక్కాడు. ఇంటికెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు.

"మస్తానూ, భట్టీ ఆర్పేస్తన్నా."

ఆవిడ కళ్ళు తెరిచింది. "రోగాలొచ్చినోళ్ళ నోట్లోకి ఏం పోద్దయ్యా?"

"గెంజి."

"నాకూ గెంజేనా?"

"నీక్కూడా."

మస్తాన్‌బీ గోడవైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే, "ఆర్పెయ్. నీళ్ళు బాగుపడితే అంతే చాలు," అంది.

తండ్రి చేత్తో వెలిగించిన భట్టీ. పండగలకు కూడా అడుగున నిప్పు ఉంచేవారు. సైదావలి దానిమీద బిందెడు నీళ్ళు గుమ్మరించి, బుస్సుమని లేచిన ఆవిరిలో నిలబడి ఏడ్చాడు. తుడుచుకోవడానికి పక్కకు కూడా తిరగలేదు.

జనం ఊరుకుంటారా? మొదటి రోజు బతిమాలారు. రెండో రోజు తిట్టారు. నాగరత్తమ్మ కొడుకు తలుపు మీద రాయి విసిరాడు. సలోమి ఇల్లిల్లూ తిరిగి, రొట్టె మానేస్తే పేదవాళ్ళమవుతామనీ, పేదవాళ్ళమైతే పైపు వస్తుందనీ నచ్చజెప్పింది. విన్నవాళ్ళకు మొదట ఆమెకు కూడా జ్వరం తలకెక్కిందేమో అనిపించింది. తర్వాత ఆమె జిల్లా ఆఫీసు జవాబు చూపించింది. అప్పుడు నమ్మారు. తొమ్మిది రోజులు ఊరంతా గంజి తాగింది. పదో రోజు గుమాస్తా వచ్చి తూకం యంత్రం పెట్టి, సున్నా అని రాసుకుని, మొహం మాడ్చుకుని వెళ్ళాడు. ఊరు ఊరంతా సంతోషించింది. దరిద్రం వచ్చిందని అంతగా మురిసిపోయిన జనాన్ని ఆ జిల్లా ఎన్నడూ చూడలేదు.

వాళ్ళకు తెలియని విషయం ఒకటుంది. ప్రథమ స్థానంలో ఉన్న ఊరు సున్నాకు దిగితే జిల్లా దిగుతుంది. జిల్లా దిగితే కమిషనరుగారి నివేదిక దిగుతుంది. అభివృద్ధి ముందుకు పోతుందేగాని వెనక్కి రాదని ఆ నివేదికలోనే నలభయ్యో పేజీలో ఉంది. కాబట్టి గొడుగులపాలెంలో జరిగింది పేదరికం కాదనీ, తాత్కాలిక రొట్టె ఎద్దడి అనీ నిర్ణయించి, పట్నం నుంచి రోజుకు రెండు లారీల రొట్టె పంపించారు.

ఆ రొట్టె ప్లాస్టిక్ సంచుల్లో వచ్చింది. రేషన్ కొట్టు దగ్గర తలకు రెండు చొప్పున, వేలిముద్ర వేసి తీసుకోవాలి. వేసిన ముద్రే తిన్నట్టు లెక్క. జ్వరం లేనివాళ్ళు మాకొద్దంటే, అభివృద్ధిని తిరస్కరించిన కుటుంబాలకు బియ్యం ఆపుతామన్నారు. ఊళ్ళో గేదెలు కూడా రొట్టె తినడం మొదలుపెట్టాయి. ఆ లారీలు వారం తిరిగిన డీజిలుతో అలాంటి పైపులు రెండు వెయ్యవచ్చని డ్రైవరే అన్నాడు. ఆ నెలాఖరుకు గొడుగులపాలెం రాష్ట్రంలోనే మొదటిదయింది.

మొదటిదయ్యాక సభ జరగాలి. హైస్కూలు మైదానంలో షామియానా వేశారు. కమిషనరుగారే స్వయంగా వచ్చారు. సైదావలికి 'రొట్టె రత్న' బిరుదు ప్రకటించారు. భట్టీ ఆర్పి నెల దాటినవాడికి ఆ బిరుదేమిటని ఎవరికీ అనుమానం రాలేదు. ఉత్పత్తిదారు గడిలో మొదటి రోజే ఆయన పేరు ఎక్కింది, అది కొట్టెయ్యడానికి ఫారంలో వీల్లేదు. శాలువా కప్పి, రెండు ముక్కలు మాట్లాడమన్నారు. మస్తాన్‌బీని మడత మంచం మీద పడుకోబెట్టి ముందు వరుసలో ఉంచారు. సైదావలి ఆమె వంక చూసి, మైకు పట్టుకున్నాడు.

"అయ్యా, నాకు సభల్లో మాట్టాడటం రాదు. మా ఊళ్ళో ఎవురూ ఇష్టమై రొట్టె తినరండి. జొరమొస్తే తింటారు. జొరం నీళ్ళవల్ల వచ్చింది. నీళ్ళు పైపు పగిలి చెడిపొయ్యినయ్. మీరా పైపు తీసి కాలవ పైన వేయిస్తే జొరాలు పోతయ్. జొరాలు పోతే రొట్టె పోద్ది. మాకు ఈ శాలువా వద్దు, పైపు చాలు."

సలోమి కమిషనరుగారి వైపు రెండు చేతులూ జోడించింది. ఇన్నాళ్ళకు పెద్దవాళ్ళ చెవిన పడిందని అందరికీ గుండె తేలికపడింది. కమిషనరుగారి మొహంలో నిజంగానే వెలుగు వచ్చింది.

"పైపు పగలడం వల్ల జ్వరం. జ్వరం వల్ల రొట్టె. రొట్టె వల్ల ప్రగతి." ఆయన ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క వేలు ముడిచారు. "పరాంకుశంగారూ, ప్రగతికి ఇంత స్పష్టమైన మూలం మీ జిల్లాలో ఉండగా నాకెందుకు నివేదించలేదు?"

"కారణాలు మన పరిధిలోకి రావేమోనని, సార్."

"ఇప్పటి నుంచి వస్తాయి. ఆ పైపును వెంటనే పరిరక్షించండి. గొడుగులపాలెం నమూనా అని నామకరణం చెయ్యండి."

మర్నాడే మురుక్కాలవ చుట్టూ ఇనుప కంచె వెలిసింది. దానికి తాళం వేసి, 'ప్రగతి మూలం, తాకరాదు' అని బోర్డు తగిలించి, వెంకటప్పయ్య అనే హోంగార్డును కాపలా పెట్టారు. ఇతర జిల్లాల నుంచి ఇంజనీర్లు వచ్చి, పగులు ఎంత పొడవుంది, ఏ వాలులో ఉంది, మురుగు ఎంత ఒత్తిడితో లోపలికి పోతోంది అని కొలుచుకుని వెళ్ళారు. తమ ఊళ్ళలో కాలవలు ఉన్నా పైపులు గట్టుమీద నుంచి పోతున్నాయని వాళ్ళలో కొందరు చిన్నబుచ్చుకున్నారు.

వెంకటప్పయ్య నిజాయితీపరుడు. కాకిని కూడా కంచె మీద వాలనిచ్చేవాడు కాదు. ఎండలో నిలబడి కాపలా కాసేవాడికి దాహం వేస్తుంది. పక్కనే కుళాయి ఉంది. మూడో వారం అతను కంచెకు చేరబడి వణుకుతుంటే, సైదావలీ సలోమీ చెరో రెక్కా పట్టుకుని బేకరీ అరుగు మీద పడుకోబెట్టారు. సలోమి డబ్బా బోర్లించి చివరి మాత్రలు అతని నోట్లో వేసింది.

"అమ్మా, నీ దగ్గర ఇయ్యేనా మిగిలింది?" అన్నాడు వెంకటప్పయ్య.

"ఇయ్యే అన్నయ్యా."

అతను జేబులోంచి తాళంచెవి తీసి సైదావలి చేతిలో పెట్టాడు. "బాబాయ్, నాకు కళ్ళు తెరిచే ఓపిక లేదు. సాయంత్రందాకా తెరవను."

పట్టపగలే పని జరిగింది. నిలబడగలిగినవాళ్ళు పారలు పట్టుకున్నారు, నిలబడలేనివాళ్ళు కూర్చుని ఇటుకలు అందించారు. తాపీమేస్త్రి రాజారావు కాలవ గట్టున ఇటుక దిమ్మెలు కట్టాడు. పగిలిన ముక్క కోసి పారేసి, కొత్త పైపు వాటిమీదుగా వేశారు. అంతా కలిపి ఒక్క పూట పని. ట్యాంకు కడిగి మందు కలిపారు. సైదావలి మొదట వచ్చిన నీళ్ళు గ్లాసులో పట్టి, ఎండకు ఎత్తి చూసి, సలోమి చేతికిచ్చాడు.

నెల తిరిగేలోపు ఊరు మంచాలు మడిచింది. మస్తాన్‌బీ గోడ పట్టుకుని లేచింది, తర్వాత గోడ వదిలి నడిచింది, తర్వాత మొగుణ్ణి తిట్టింది. అన్నం సయిస్తున్న మనుషులు బియ్యం ఆపితే ఆపుకోమని రేషన్ కొట్టుకు వెళ్ళడమే మానేశారు. లారీలు వచ్చినవి వచ్చినట్టే వెళ్ళాయి. అప్పుడు పరాంకుశంగారు విచారణకు దిగారు.

ఆయన తిన్నగా కొట్టు ముందుకొచ్చి, గుమాస్తా చేత దస్త్రం తెరిపించారు. ఎండ మండిపోతోంది, జనం మూగారు.

"పరిరక్షిత ప్రగతి మూలాన్ని ధ్వంసం చేసినవారు ఎవరు? ఇది జైలుతో కూడిన నేరం. పేరు చెప్పండి."

"నేనేనండి," అన్నాడు సైదావలి. దాక్కునే ఉద్దేశం ఆయనకు మొదటి నుంచీ లేదు. "రాసుకోండి. ముందు కూర్చోండి అయ్యా, ఎండన పడొచ్చారు. మంచినీళ్ళు తాగండి."

మస్తాన్‌బీ కుళాయి దగ్గర గ్లాసు పట్టి తెచ్చి ఇచ్చింది. పరాంకుశంగారు మర్యాదస్తుడు కాబట్టి చేత్తో అందుకున్నారు. అందుకుని, అలాగే పట్టుకుని కూర్చున్నారు. పెదాలు తడారిపోయి ఉన్నాయి.

"తాగండి అయ్యా. ఇప్పుడు బాగున్నయ్ నీళ్ళు."

"వీల్లేదయ్యా. మాకు సర్క్యులర్ ఉంది." ఆయన చిరాకుపడ్డారు. "పర్యటనలో ఉన్న అధికారులు గొడుగులపాలెం నీళ్ళు ఎట్టి పరిస్థితుల్లోనూ తాగరాదు. జీపులో సీసాలు పెట్టుకునే వస్తాం."

"ఎప్పుడొచ్చిందండీ ఆ సర్క్యులరు?"

పరాంకుశంగారు మర్చిపోయి నిజం చెప్పేశారు. "ఆషాఢంలోనే."

ఆషాఢంలో పైపు పగిలింది. ఆయన ఫారం పట్టుకుని వచ్చింది శ్రావణంలో. సైదావలికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, కోపం కూడా రాలేదు. ఆయనకు ఆ మనిషి ఎదురుగా నిలబడ్డందుకు ఒళ్ళంతా సిగ్గేసింది.

మస్తాన్‌బీ ముందుకొచ్చి, పరాంకుశంగారి చేతిలోంచి గ్లాసు తీసుకుంది. నిలబడే, గటగటా, చివరి చుక్కదాకా తాగింది. పైటతో మూతి తుడుచుకుంది.

"ఆయనొక్కడి పేరే రాయబాకండి. ఊరందరి పేర్లూ రాయండి," అంది. "పైపు మేవే బాగుచేసుకున్నాం. తాగేది మేం గదా."

పరాంకుశంగారు కలం మూత తీశారు. ఒక్క పేరూ రాయకుండా మూత మళ్ళీ పెట్టేశారు.